నలుపు ఖరీదు: డచ్చి రూపచిత్రాల్లో సంపద, హోదా

డచ్చి చిత్రకళ ప్రస్తావన వచ్చినప్పుడు మన సాహిత్యసభల్లో రెండు మాటలు వినబడతాయి. ఒకటి: రెంబ్రాంట్ వెలుగునీడలు, మానవాత్మ లోతులు, కాలాతీత సౌందర్యం. రెండోది: అదంతా బూర్జువాల కళ, డబ్బున్నవాళ్ల బొమ్మలు, మనకెందుకు. మొదటి మాట కళావాదులది. రెండో మాట, ఒప్పుకోవాలి, మనవాళ్లది. మొదటివాళ్లు బొమ్మకి డబ్బిచ్చినవాణ్ణి చూడరు. రెండోవాళ్లు బొమ్మనే చూడరు. ఇద్దరూ తప్పించుకునే ప్రశ్న ఒకటుంది. కొత్తగా అధికారంలోకి వచ్చిన ఒక వర్గం తన సంపదని లోకానికి ఎలా చూపించుకుంది? ఏ రూపంలో చూపిస్తే లోకం దాన్ని దోపిడీ అనకుండా యోగ్యత అంటుంది?

ఈ ప్రశ్న చిత్రకారులకే పరిమితమైంది కాదు. కథల్లో, నవలల్లో సంపన్నుణ్ణి చిత్రించే ప్రతి రచయితకీ సంబంధించింది. అందుకే ఈ వ్యాసం.

1

రూపచిత్రం అంటే ఒక మనిషి డబ్బిచ్చి తన పోలికను గీయించుకునే బొమ్మ. ఇంత మోటుగా నిర్వచిస్తే కొందరికి రుచించకపోవచ్చు. కాని 17వ శతాబ్దపు హాలెండులో అది వట్టి వాస్తవం. 1642లో ఆమ్‌స్టర్‌డామ్ పెద్దకుటుంబానికి చెందిన ఆండ్రీస్ ద గ్రాఫ్‌కీ రెంబ్రాంట్‌కీ ఒక రూపచిత్రం డబ్బు దగ్గర తగువొచ్చింది. మధ్యవర్తులు కూర్చుని 500 గిల్డర్లు ఇవ్వాలని తేల్చారు. ఆ రోజుల్లో పనితనం ఉన్న చేతివృత్తివాడి ఏడాది సంపాదన 300 గిల్డర్ల దరిదాపుల్లో ఉండేది. అదే ఏడాది పూర్తయిన ‘నైట్ వాచ్’ చిత్రంలో బొమ్మ వేయించుకున్న కావలిదళం సభ్యులు ఒక్కొక్కరు సగటున 100 గిల్డర్లు ఇచ్చారు. అందులోనూ హెచ్చుతగ్గులున్నాయి. బొమ్మలో బాగా కనబడే చోటుకి ఎక్కువ, వెనక నిలబడే చోటుకి తక్కువ. చిత్రంలో మనిషి నిలబడే జాగాకి కూడా ధర ఉందన్నమాట.

ఈ వర్గం ఎక్కడినుంచి వచ్చింది? 1568లో మొదలైన తిరుగుబాటు స్పెయిన్ చక్రవర్తి పెత్తనాన్ని కూలదోసింది. 1581లో డచ్చి రాష్ట్రాలు రాజుకి విధేయతను రద్దు చేసుకున్నాయి. 1648లో స్పెయిన్ వాళ్ల స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. ఈ మధ్యలో 1602లో తూర్పు ఇండియా కంపెనీ, 1621లో పశ్చిమ ఇండియా కంపెనీ పుట్టాయి. హాలెండుని 17వ శతాబ్దపు ఆదర్శ పెట్టుబడిదారీ దేశంగా మార్క్స్ లెక్కించాడు. నగరసభల్లో కూర్చున్నవాళ్లు ధాన్యం, గుడ్డ, బీరు, చక్కెర, ఆయుధాల వ్యాపారులు. భూస్వామ్యం మీద ఈ వర్గం సాధించిన విజయం చరిత్రలో ముందడుగే. దాన్ని కాదనక్కర్లేదు.

అయితే ఈ వర్గానికి ఒక చిక్కు ఉంది. రాజుకి కిరీటం ఉంది, ప్రభువుకి వంశం ఉంది. వ్యాపారికి రెండూ లేవు. పైగా కాల్విన్ మతం ఆడంబరం పాపమంటుంది, చర్చిగోడల మీద బొమ్మల్నే ఉండనివ్వదు. చర్చి పోషణ పోయాక చిత్రకారుడు ఇళ్లకోసం, సంఘాలకోసం బొమ్మలు గీసి బతకవలసి వచ్చింది. గీయించుకునేవాడికేమో సంపద కనబడాలి, డాంబికం కనబడకూడదు. ఈ వైరుధ్యంలోంచే డచ్చి రూపచిత్రానికి దాని ప్రత్యేక రూపం వచ్చింది.

2

ఆ రూపంలో మొట్టమొదట కంటికి తగిలేది నలుపు. మగవాళ్లు నలుపు, ఆడవాళ్లు నలుపు. మెడ దగ్గర, మణికట్టు దగ్గర తెలుపు. ఇంతే. చూసినవాళ్లు ఎంత నిరాడంబరులో అనుకుంటారు. అనుకోవాలనే ఆ వేషం.

అసలు సంగతి అద్దకం పని తెలిసినవాళ్లకి తెలుస్తుంది. చిక్కని నలుపు నిలిచేట్టు వెయ్యడం అప్పట్లో ఖరీదైన పని. బట్టకి ముందు నీలి పట్టించాలి. దాని మీద మాచికాయ, అన్నభేది వగైరాలు వెయ్యాలి. మధ్య అమెరికానుంచి వచ్చే లాగ్‌వుడ్ చెక్కని కూడా వాడేవాళ్లు. చవకగా వేసిన నలుపు కొద్దికాలానికే ఎర్రబారిపోతుంది. అందుచేత వీధిలో ఎవడి నలుపు నలుపుగా నిలిచిందో, ఎవడి నలుపు వెలిసిందో చూసి ఆ ఊరివాళ్లు మనిషి స్థాయిని చెప్పగలిగేవాళ్లు. ఇంకో విశేషం: ఈ నలుపు స్పెయిన్ రాజాస్థానపు వేషం కూడా. ఏ రాజు మీద తిరగబడ్డారో ఆ రాజు కొలువులో గౌరవానికి గుర్తయిన రంగునే వ్యాపారులు తమ వినయానికి గుర్తుగా తొడుక్కున్నారు.

హార్లెం చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ ఈ నలుపుని చూసినట్టు ఇంకెవరూ చూడలేదు. 1634లో ఆయన గీసిన గుడ్డల వ్యాపారి టీలెమన్ రూస్టర్‌మన్ బొమ్మలో నలుపు మీద నలుపు మెరుస్తుంది. మడత దగ్గర ఒక నలుపు, వెలుగు పడ్డచోట మరొక నలుపు. హాల్స్ దగ్గర ఇరవయ్యేడు నలుపులున్నాయని వాన్ గో 1885లో తమ్ముడికి రాశాడు. కళావాదులు ఈ మాట చెప్పుకుని ఆగిపోతారు. కాని ఆ ఇరవయ్యేడు నలుపులూ చూడగలిగిన కళ్లు గిరాకీదారుకి కూడా ఉన్నాయి. గుడ్డల వ్యాపారికి గుడ్డ నాణ్యం తెలుసు. తన ఒంటిమీది బట్ట ఏ రకమో బొమ్మలో తెలియకపోతే అతను ఊరుకోడు. హాల్స్ కుంచె నైపుణ్యం, వ్యాపారి సరుకు నాణ్యం, రెండూ ఒకే చోట కలిశాయి.

మెడ దగ్గరి తెలుపు కథ మరొకటి. శతాబ్దం మొదటి దశాబ్దాల్లో వేసుకున్న పెద్ద గుండ్రటి కాలర్‌ని డచ్చివాళ్లు తిరగలిరాయి కాలర్ అనేవాళ్లు. మీటర్ల కొద్దీ సన్నని నార బట్టని కుచ్చులు పోసి, గంజి పెట్టి, వేడి ఇనుపకడ్డీలతో మడతలు నిలబెట్టాలి. ఒకసారి ఉతికితే మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి. ఆ కాలర్ పెట్టుకున్నవాడు వంగి పని చెయ్యలేడు. తన పని తను చేసుకోనక్కర్లేదని చెప్పడమే దాని ప్రయోజనం. తర్వాత వచ్చిన లేసు కాలర్లు ఇంకా ఖరీదు. లేసు అల్లేవాళ్ల కళ్లు ఏమవుతాయో మన నర్సాపురం వైపు పాఠకులకి చెప్పనక్కర్లేదు.

ఆ నారబట్టని తెల్లబరిచేది హార్లెం దగ్గరి ఇసుకదిబ్బల మైదానాల్లో. నెలల తరబడి ఎండలో పరిచి, తడిపి, మజ్జిగలో నానబెట్టి తెల్లబరిచేవాళ్లు. రూపచిత్రంలో ఆ తెలుపు ఉంది, ఆ చేతులు లేవు. అవి ఎక్కడున్నాయి? యాకబ్ వాన్ రైస్‌డాల్ 1670 తర్వాత గీసిన హార్లెం దృశ్యాల్లో ఉన్నాయి. పెద్ద ఆకాశం, కింద పరిచిన తెల్లబట్టల బద్దీలు, వాటి మధ్య చీమల్లాంటి మనుషులు. ఒకే సరుకు రెండు రకాల బొమ్మల్లో కనిపిస్తుంది. తొడుక్కున్నవాడికి ముఖం ఉంది, పేరు ఉంది. తయారుచేసినవాళ్లు చుక్కలు. డచ్చి చిత్రకళ శ్రమని పూర్తిగా దాచిపెట్టిందనడం సరికాదు. శ్రమని ఒక చోట, దాని ఫలితాన్ని ఇంకో చోట పెట్టి, రెండింటి మధ్య సంబంధాన్ని చూపించకుండా వదిలేసింది.

3

బట్టల తర్వాత నిలబడే తీరు. ఇక్కడ ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంది. దంపతుల బొమ్మలు జంటగా వేలాడతాయి. మనం చూసేటప్పుడు మగవాడు ఎడమవైపు, ఆడమనిషి కుడివైపు. అంటే భార్య భర్తకి ఎడమచేతి పక్కన. నడుం మీద చెయ్యి పెట్టి మోచెయ్యి బయటికి పొడిచే భంగిమ ఎక్కువగా మగవాడిదే. అది జాగా ఆక్రమించే భంగిమ. టోపీ ఇంకో గుర్తు. 1662లో రెంబ్రాంట్ గీసిన ‘గుడ్డల నాణ్యం అధికారులు’ చిత్రం చూడండి. బల్ల చుట్టూ నల్లబట్టలు, తెల్లకాలర్లు, పెద్ద టోపీలతో అయిదుగురు. వాళ్ల పని నగరంలో అద్దకం వేసిన గుడ్డ నాణ్యాన్ని పరీక్షించడం. వెనక టోపీ లేని ఆరో మనిషి ఉన్నాడు. అతను నౌకరు. ఆ అయిదుగురిలో కాథలిక్కులున్నారు, కాల్వినిస్టున్నాడు, మెనొనైటున్నాడు. మతాలు వేరు, బల్ల ఒకటి, టోపీ ఒకటి. మతభేదాన్ని దాటిన ఆ సమభావం చాలా గొప్పదని వర్ణించేవాళ్లు నౌకరు తల దగ్గరికి వచ్చేసరికి ఆగి చూడాలి. సమభావం హద్దు అక్కడుంది.

బొమ్మ కొలత కూడా మాట్లాడుతుంది. మనిషెత్తు నిలువెత్తు చిత్రం రాజులకీ ప్రభువులకీ అలవాటైన రూపం. డచ్చి వ్యాపారులు సాధారణంగా నడుం వరకో మోకాళ్ల వరకో గీయించుకుని తృప్తిపడేవాళ్లు. 1634లో మార్టెన్ సోల్మన్స్, ఓప్యెన్ కోపిట్ అనే కొత్త దంపతులు రెంబ్రాంట్ చేత మనిషెత్తు జంట చిత్రాలు గీయించుకున్నారు. నలుపు నలుపే. కాని మార్టెన్ బూట్ల మీద లేసుపూలు కూరగాయల బుట్టంత ఉన్నాయి. ఓప్యెన్ చేతిలో ఈకల విసనకర్ర, మెడలో ముత్యాలు. నిరాడంబరత అనే నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే దాన్ని ఎంతవరకు సాగదీయవచ్చో ఈ జంట చూపిస్తుంది.

ఈ డబ్బు ఎక్కడిది? మార్టెన్ తండ్రి ఆంట్వెర్ప్ నుంచి వలస వచ్చి ఆమ్‌స్టర్‌డామ్‌లో చక్కెర శుద్ధి కర్మాగారం పెట్టినవాడు. ఆ కర్మాగారం పేరుకి అర్థం ‘పాపక్షాళన లోకం’. అక్కడ శుద్ధి అయ్యే బ్రెజిల్ చక్కెర ఆఫ్రికానుంచి పట్టుకొచ్చిన బానిసల చేత పండించింది. మార్టెన్ పోయాక ఓప్యెన్ పెళ్లాడిన మార్టెన్ డాయ్ బ్రెజిల్‌లో సైనికుడిగా పనిచేసి వచ్చినవాడు. అక్కడ ఫ్రాన్సిస్కా అనే ఆఫ్రికన్ స్త్రీని అతను బలాత్కరించిన సంగతి చర్చి పత్రాల్లో నమోదై ఉంది. ఈ జంట చిత్రాల్ని 2016లో ఫ్రాన్సు, నెదర్లాండ్స్ ప్రభుత్వాలు కలిసి 16 కోట్ల యూరోలకి కొన్నాయి. 2021లో రైక్స్ మ్యూజియం బానిసత్వం మీద పెట్టిన ప్రదర్శనలో ఓప్యెన్ బొమ్మ పక్కన ఈ చరిత్రని కూడా పెట్టింది. ఆ ముత్యాలకీ ఆ చెరుకుతోటలకీ సంబంధం చెప్పడానికి దాదాపు 400 ఏళ్లు పట్టింది.

మరొక జంట. 1661 ప్రాంతంలో రెంబ్రాంట్ గీసిన వృద్ధ దంపతులు యాకబ్ ట్రిప్, మార్గరెతా ద గీర్. ఇద్దరివీ ఇనుము, ఆయుధాల వ్యాపారం చేసిన కుటుంబాలు. మార్గరెతా అప్పటికి ఫ్యాషన్ పోయిన తిరగలిరాయి కాలర్ పెట్టుకుని కూర్చుంది. ఇందులో మానవాత్మ కనబడుతుందంటారు. నిజమే, ఆ ముడతలు పడ్డ ముఖంలో ఏదో ఉంది. కాని పాత కాలర్ కూడా ఒక మాట చెబుతోంది: మాది నిన్న వచ్చిన డబ్బు కాదు. వాళ్ల కొడుకులు ఆమ్‌స్టర్‌డామ్‌లో కట్టుకున్న భవనం మీద పొగగొట్టాల్ని ఫిరంగుల ఆకారంలో కట్టించారు. 1817 నుంచి 1885 దాకా రైక్స్ మ్యూజియం ఆ భవనంలోనే ఉండేది. జాతి కళాసంపద ఫిరంగి పొగగొట్టాల కిందే పెరిగింది.

4

సంపదని సద్గుణంగా చూపించే చివరి మెట్టు దానం. 1655లో యాన్ స్టీన్ డెల్ఫ్ట్ నగరంలో గీసిన ఒక చిత్రం ఉంది. ఇంటి గుమ్మం ముందు నల్లబట్టల పెద్దమనిషి కూర్చున్నాడు. అతను అడాల్ఫ్ క్రూసర్ అనే ధాన్యం వ్యాపారి అని పరిశోధకులు గుర్తించారు. పక్కన పట్టుబట్టల కూతురు. ఇటు ఒక పేదరాలు, ఒక పిల్లవాడు చెయ్యి చాచి నిలబడ్డారు. కూతురు చూపు వాళ్ల మీద లేదు. బొమ్మలో బిచ్చగత్తె ఎందుకుంది? డబ్బిచ్చింది ఆమె కాదు. రూపచిత్రంలో ముత్యాలు, చేతితొడుగులు, టోపీ ఏ పని చేస్తాయో ఆ పేదరాలూ అదే పని చేస్తోంది. పెద్దమనిషికి దయ ఉందని చెప్పడానికి ఆమె ఒక ఆభరణం. బీదల్ని బొమ్మలో పెట్టినంత మాత్రాన కళ బీదల పక్షం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మన కథల్లో కూడా బీదవాడు ఎవరి దయకో రుజువుగా వచ్చిపోతున్నాడేమో చూసుకోవాలి.

హార్లెం వృద్ధుల ఆశ్రమం ధర్మకర్తల్నీ, ధర్మకర్త్రీల్నీ హాల్స్ 1664లో రెండు పెద్ద చిత్రాలుగా గీశాడు. అప్పటికి ఆయనకి 80 దాటింది. చేతిలో డబ్బు లేదు. నగరసభ ఏడాదికి 200 గిల్డర్ల భరణం ఇచ్చింది, చలికాలం పొయ్యిలోకి పీట్ మట్టి ఇచ్చింది. బీదవాళ్లని పోషించే పెద్దల బొమ్మని బీదవాడైన చిత్రకారుడు గీశాడు. దీనిమీద ఒక కథ అల్లారు: ఆయన ఆ ఆశ్రమంలోనే ఉన్నాడని, కసికొద్దీ వాళ్లని తాగుబోతుల్లా, కఠినాత్ముల్లా గీశాడని. ఆశ్రమంలో ఉన్నాడనడానికి ఆధారం లేదు. కసి కథ మనకి నచ్చేలా ఉంది కాబట్టే దాన్ని అనుమానించాలి. 1972లో జాన్ బెర్జర్ ఈ చిత్రాల మీద లేవదీసిన చర్చలో విలువైన అంశం వేరే ఉంది. చిత్రకారుడికీ, తన బొమ్మ గీయించుకున్నవాళ్లకీ మధ్య ఉన్న ఆర్థిక సంబంధాన్ని పక్కన పెట్టి రంగుల పొందిక గురించే మాట్లాడితే బొమ్మని మన కళ్లనుంచి దాచినట్టేనని ఆయన చూపించాడు.

బొమ్మలో ఏముంది? నల్లబట్టలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి చీకటిగా మారాయి. ఆ చీకటిలో ముఖాలు, చేతులు మాత్రం తేలుతున్నాయి. ముప్పై ఏళ్ల కిందట రూస్టర్‌మన్ ఒంటిమీద మెరిసిన నలుపు ఇక్కడ మెరవడం లేదు. హాల్స్‌కి వర్గచైతన్యం ఉందని ఎవరూ అనక్కర్లేదు. బాల్జాక్ గురించి ఎంగెల్స్ చెప్పింది మనకి తెలుసు. రచయిత అభిమానాలు ఒకవైపున్నా అతని వాస్తవికత ఇంకోవైపు నడవగలదు. హాల్స్ కూడా చూసింది చూసినట్టు గీశాడు. అలా గీస్తే ఆ వేషం మోసే సందేశం పలచబడింది. నలుపు వెనకనుంచి అలిసిపోయిన మనుషులు బయటపడ్డారు. ఒక సంగతి మాత్రం మారలేదు. ఆశ్రమం పేరు బొమ్మకుంది, ఆశ్రమంలోని ముసలివాళ్లు బొమ్మలో లేరు. ఆ రెండు చిత్రాలూ ఇప్పుడు ఉన్నది అదే ఆశ్రమ భవనంలో. 1913 నుంచి అది ఫ్రాన్స్ హాల్స్ మ్యూజియం.

5

శతాబ్దం సగం దాటాక వేషం మారింది. స్వయంగా వ్యాపారం చేసిన తాతల మనవలు వడ్డీల మీద, భూముల మీద బతకడం మొదలుపెట్టారు. ప్రభువుల బిరుదులు కొనుక్కున్నారు. నలుపు వినయం వాళ్లకి చాలలేదు. 1654లో వాన్ డర్ హెల్స్ట్ గీసిన గుడ్డల వ్యాపారి అబ్రహం దెల్ కోర్ట్ దంపతుల చిత్రంలో శాటిన్ ధగధగలాడుతుంది. రెంబ్రాంట్ శిష్యుడు నికొలాస్ మాస్ కూడా గురువు పద్ధతి వదిలి ఈ దారిలోకి వెళ్లాడు. రెంబ్రాంట్ 1656లో దివాలా తీశాడు. వర్గం తన చరిత్రలో మెట్టు మారినప్పుడు దాని కళారూపం కూడా మారుతుందని సూత్రంగా చెప్పుకుంటాం. ఇక్కడ దాన్ని బట్టలో చూడొచ్చు.

ఈ దశలో వచ్చిన ఒక వస్త్రం మనల్ని నేరుగా తాకుతుంది. చదువరులు, వ్యాపారులు ఇంట్లో వేసుకునే వదులు అంగీతో బొమ్మలు గీయించుకోవడం ఫ్యాషనయింది. జపాన్ పట్టు అంగీని చూసి పుట్టిన ఈ దుస్తుని కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డతో కూడా కుట్టేవాళ్లు. డచ్చి కంపెనీ ఆ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే మచిలీపట్నంలో దిగింది. అక్కడి వలందపాలెం పేరు ఆ వలందులదే. ఇక్కడి గుడ్డని తూర్పుదీవులకి తీసుకెళ్లి సుగంధద్రవ్యాలు కొన్నారు. ఈ తీరంలో కరువులొచ్చినప్పుడు గుడ్డతో పాటు మనుషుల్ని కూడా వేలసంఖ్యలో కొని బటావియా వైపు ఓడలెక్కించారు. ఆ బటావియాలో 1665లో యాకబ్ కూమన్ గీసిన కంపెనీ వ్యాపారి పీటర్ క్నోల్ కుటుంబచిత్రంలో భార్య, కూతుళ్లు వెలుగులో ఉన్నారు. వెనక నీడలో ఇద్దరు బానిసలు. హాలెండులో గీసిన బొమ్మలు చెప్పకుండా వదిలేసిన సంబంధం ఇక్కడ ఒకే చట్రంలోకి వచ్చింది. అయినా పేర్లు వెలుగులో ఉన్నవాళ్లవే మిగిలాయి.

6

దీనినుంచి రచయితలు నేర్చుకోవలసిందేమిటి? మన కథల్లో దోపిడీదారు రాగానే బానపొట్ట, పట్టుపంచె, పదివేళ్లకి ఉంగరాలు వస్తాయి. చదివేవాడు వెంటనే గుర్తుపడతాడు, గుర్తుపట్టి తృప్తిపడతాడు. నిజజీవితంలో సంపద ఎప్పుడూ ఆ వేషంలోనే రాదు. అది నూలుచొక్కా వేసుకుంటుంది, మెల్లగా మాట్లాడుతుంది, ఆశ్రమాలకి చందా ఇస్తుంది. ఆ చొక్కా తెలుపు ఎవరు ఉతికితే వచ్చిందో, ఆ మెల్లని మాట ఎవరి నోరు మూయిస్తే నిలబడిందో చూపించడమే వాస్తవికత. వివరాల్ని పోగుచేస్తే సరిపోదు. లేసులో ప్రతి పోగూ గీసిన డచ్చి చిత్రకారుడు కూడా ఆ పోగు తీసిన చేతిని వదిలేశాడు. పోగుని చూడ్డం అతని దగ్గర నేర్చుకోవాలి, చేతిని చూడ్డం మనం అలవరుచుకోవాలి.

చివరిగా ఒక బొమ్మ. హాల్స్ ధర్మకర్తల్ని గీసిన 1664లోనే, మే నెలలో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎల్స్యె క్రిస్టియాన్స్ అనే 18 ఏళ్ల అమ్మాయికి మరణశిక్ష వేశారు. పనిమనిషి ఉద్యోగం వెతుక్కుంటూ డెన్మార్కు నుంచి వచ్చి కొన్ని వారాలే అయింది. అద్దె కట్టలేదని ఇంటావిడ చీపురుతో కొడితే ఎదురుతిరిగి గొడ్డలితో చంపింది. శవాన్ని నీళ్లకి అవతలి ఒడ్డున కొయ్యకి కట్టి, పక్కన ఆ గొడ్డలి వేలాడదీశారు. రెంబ్రాంట్ అక్కడికి వెళ్లి రెండు బొమ్మలు గీశాడు, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఎవరూ గీయమనలేదు. ఎవరూ ఒక గిల్డరు ఇవ్వలేదు. కాలర్ లేదు, లేసు లేదు, చేతితొడుగు లేదు. రూపచిత్రంలో మనిషి హోదా చెప్పే వస్తువు ఒకటి పక్కన ఉండాలి కదా, ఇక్కడ ఆ గొడ్డలి ఉంది. ఆమె పేరు 20వ శతాబ్దంలో పరిశోధకులు కోర్టు కాగితాలు వెతికితేగాని తెలియలేదు.

ఓప్యెన్‌ని గీసిన చెయ్యే ఎల్స్యెని కూడా గీసింది. మొదటి బొమ్మకి ఖరీదు కట్టినవాళ్లున్నారు. రెండో బొమ్మ లెక్క ఇంకా తేలలేదు.